ఒకే గిన్నెలో అందరికీ: పాలు, గోధుమ, పంచదార లేని వంట

మా పాపకు పాల ప్రోటీన్ అలర్జీ. ఆయనకు సీలియాక్, అంటే గోధుమలో ఉండే గ్లూటెన్ తగిలితే పేగు లోపలి పొర దెబ్బతినే జబ్బు. అత్తయ్యకు షుగర్. నాకు ఏ ఇబ్బందీ లేదు గానీ, పూటకు మూడు వంటలు చేసే ఓపిక కూడా లేదు. అందుకని మూడూ తీసేసి ఒకే గిన్నెలో అందరికీ వండుతాను. నాకోసం వేరుగా ఏమీ దాచుకోను.

ఈ మాట వినగానే చాలామంది జాలిపడి "అయితే ఇంకేం తింటారు?" అంటారు. బియ్యం, జొన్న, సజ్జ, రాగి, కొర్ర, మొక్కజొన్న, పప్పులన్నీ, శనగలు, అలసందలు, వేరుశనగ, నువ్వులు, కొబ్బరి, దుంపలు, ఆకుకూరలు, గుడ్లు, చేపలు, మాంసం. ఇవన్నీ తింటాం. కొరత పదార్థాలకు లేదు. అసలు సమస్య ఏమిటంటే, చాలా ఇళ్లలో అలవాటైన వంటలోంచి పాలో పంచదారో తీసేసి, ఆ చోటు ఖాళీగా వదిలేస్తారు. అప్పుడు కూర పలచగా, చప్పగా, ఏదో తక్కువైనట్టు ఉంటుంది. తిన్న గంటకే మళ్లీ డబ్బాలు వెతుక్కోవడం మొదలవుతుంది. తీసేసిన పదార్థం గిన్నెలో ఏం పని చేసేదో తెలుసుకుని, ఆ పని ఇంకొకరికి అప్పగిస్తే ఆ లోటు రాదు. నా పద్ధతంతా ఇంతే.

వంటకు ముందు కొన్ని విషయాలు తేల్చుకోవాలి

ఎవరికి ఏది పడదు, ఎంత కచ్చితంగా పడదు అన్నది ముందు తెలియాలి. పాలు అరగకపోవడం వేరు, పాల అలర్జీ వేరు. మొదటిది లాక్టోజ్ అనే పాలలోని చక్కెరతో వచ్చే ఇబ్బంది. అలాంటివాళ్లు నెయ్యి తినగలరు, కొంచెం పెరుగు కూడా చాలామంది తట్టుకుంటారు. రెండోది కేసీన్, వే అనే ప్రోటీన్లతో వచ్చేది. నెయ్యిలో కూడా ఆ ప్రోటీన్ ఆనవాళ్లు మిగలవచ్చు, కాబట్టి అలర్జీ ఉన్నవాళ్లకు నెయ్యి కూడా వద్దు. 'లాక్టోజ్ ఫ్రీ' పాలు వీళ్లకు పనికిరావు. అందులో విడగొట్టేది ఆ చక్కెరను మాత్రమే, ప్రోటీన్ అలాగే ఉంటుంది.

గోధుమ విషయంలో ఇంకో జాగ్రత్త. సీలియాక్ అనే అనుమానం ఉంటే, రక్తపరీక్ష అయ్యేదాకా గోధుమ మానకండి. ఆ పరీక్ష వెతికేది గ్లూటెన్ తిన్నప్పుడు శరీరం తయారుచేసే యాంటీబాడీలను. తినడం మానేశాక అవి తగ్గిపోతాయి, జబ్బు ఉన్నా లేనట్టు రిపోర్టు రావచ్చు. ముందు పరీక్ష, తర్వాత పథ్యం.

"మన పెద్దలు ఏం తినలేదా, ఈ జబ్బులన్నీ ఇప్పుడే పుట్టాయా?" అని మొండికేసే బంధువులకు నేనొక కథ చెప్తాను. విల్లెం డికె అని నెదర్లాండ్స్‌లో ఒక పిల్లల డాక్టరు ఉండేవాడు. ఈ జబ్బుకు గోధుమతో సంబంధం ఉందని ఆయనకు ముందునుంచే అనుమానం. రెండో ప్రపంచ యుద్ధం చివర, 1944-45 చలికాలంలో అక్కడ ఆకలి కరువు వచ్చి రొట్టె దొరకలేదు. ఊళ్లో అందరూ చిక్కిపోతుంటే ఈ జబ్బున్న పిల్లలు మాత్రం కోలుకున్నారు, మళ్లీ రొట్టె దొరికాక వెనక్కి జారారు. 1950లో ఆయన తన పరిశోధనను సిద్ధాంత గ్రంథంగా సమర్పించాడు. అంటే జబ్బు పాతదే, కారణం తెలిసి వందేళ్లు కాలేదు. ఈ కథ విన్నాక కనీసం "ఒక్క ముక్క తింటే ఏమవుతుందిలే" అనడం మానేస్తారు.

షుగర్ మందులు, ముఖ్యంగా ఇన్సులిన్ వాడేవాళ్లు తిండి ఒక్కసారిగా మార్చే ముందు డాక్టరుకు చెప్పాలి. పిండి పదార్థం తగ్గించి మందు మోతాదు అలాగే ఉంచితే రక్తంలో గ్లూకోజ్ మరీ పడిపోయే ప్రమాదం ఉంది.

ప్యాకెట్ వెనక్కి తిప్పండి

ముందువైపు రాసింది అమ్మడానికి, వెనకవైపు రాసింది చదవడానికి. గోధుమ ఎన్ని వేషాలు వేస్తుందో చూడండి: మైదా, రవ్వ, సేమియా, పాస్తా, కూస్కూస్. బార్లీ, రై ధాన్యాల్లోనూ గ్లూటెన్ ఉంది. బార్లీ నుంచి తీసే మాల్ట్ పిల్లలకు పాలలో కలిపిచ్చే కొన్ని పొడుల్లో, కొన్ని రకాల వెనిగర్‌లో ఉంటుంది. సోయా సాస్ చాలావరకు గోధుమతో కలిపి పులియబెట్టిందే. పొడి ఇంగువలో ఘాటు తగ్గించడానికి గోధుమపిండి కలుపుతారు. బియ్యప్పిండి కలిపినది దొరుకుతుంది, అది చూసి తీసుకోండి. ఓట్స్‌లో సహజంగా గోధుమ గ్లూటెన్ లేకపోయినా పొలంలోనో మిల్లులోనో కలుస్తుంది, కాబట్టి 'గ్లూటెన్ ఫ్రీ' ముద్ర ఉన్నదే కొనాలి. అదైనా సీలియాక్ ఉన్న కొద్దిమందికి పడదు. ఆ ముద్రకు చాలా దేశాల్లో అర్థం ఒకటే: కిలోకు 20 మిల్లీగ్రాములు మించని గ్లూటెన్.

పాల సంగతి ఇంకా టెన్షన్. కొబ్బరిపాల పొడి చూసి పాలు లేవని నమ్మకండి, చాలావాటిలో సోడియం కేసినేట్ ఉంటుంది, అది పాల ప్రోటీనే. కాఫీలో కలిపే 'నాన్ డెయిరీ' పొడుల్లోనూ అదే ఉండొచ్చు. మసాలా చల్లిన చిప్స్‌లో వే పొడి వేస్తుంటారు. డబ్బాలో అమ్మే చిక్కటి కొబ్బరిపాలు నయం, అయినా చదవండి.

పంచదార పేరు మార్చుకోవడంలో దిట్ట. డెక్స్ట్రోజ్, గ్లూకోజ్ సిరప్, కార్న్ సిరప్, పండ్ల గాఢరసం, ఇవన్నీ దాని బంధువులే. మాల్టోడెక్స్ట్రిన్ తీపిగా ఉండదు గానీ రక్తంలోకి చేరేసరికి గ్లూకోజే. బెల్లం, తేనె, బ్రౌన్ షుగర్ గురించి కూడా మొహమాటం లేకుండా చెప్పాలి. రుచి బాగుంటుంది, రంగు బాగుంటుంది, షుగర్ ఉన్నవాళ్లకు మాత్రం అవి చక్కెరే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో తేనెను, పండ్ల రసాన్ని కూడా తగ్గించాల్సిన చక్కెరల లెక్కలోనే వేసింది. "పంచదార లేదు, బెల్లంతో చేశాను" అని ఎవరైనా అత్తయ్యకు లడ్డూ అందిస్తే నేను మధ్యలో చెయ్యి అడ్డుపెడతాను.

'గ్లూటెన్ ఫ్రీ' బిస్కెట్లు, కేకుల మీద నాకు పెద్ద గౌరవం లేదు. గోధుమ తీసేసి ఆ చోట తెల్లటి స్టార్చ్, చక్కెర, నూనె కూరుతారు. ప్రయాణంలో అత్యవసరానికి సరే, రోజూ ఇంట్లో వద్దు.

పాల పని ఎవరు చేస్తారు

పాలు, పెరుగు, మీగడ వంటలో ఇచ్చేవి కొవ్వు, చిక్కదనం, కాస్త కమ్మదనం. పెరుగైతే పులుపు కూడా. ఇవన్నీ చేసే ఒక్క వస్తువు కోసం వెతక్కండి. చిక్కదనానికి ఒకరు, పులుపుకు మరొకరు.

చిక్కదనానికి నా మొదటి ఎంపిక జీడిపప్పు. 50 గ్రాములు, అంటే చిన్న గుప్పెడు, వేడినీళ్లలో అరగంట నానబెట్టి ముప్పావు కప్పు నీళ్లతో వెన్నలా రుబ్బండి. జీడిపప్పులో స్టార్చ్ కూడా ఉంటుంది కాబట్టి వేడి తగలగానే ఇంకా చిక్కబడుతుంది. అందుకే కూర కాస్త పలచగా ఉండగానే కలపాలి, కలిపాక అడుగంటకుండా తిప్పుతూ ఉండాలి. జీడిపప్పు పడనివాళ్లు పొద్దుతిరుగుడు గింజలు అలాగే వాడొచ్చు, రంగు కాస్త బూడిదగా వస్తుంది. ఖర్చు తక్కువలో కావాలంటే ఉడికిన తెల్ల చిక్కుడు గింజలు ఒక కప్పు రుబ్బి కలపండి. కొవ్వు ఉండదు గనక పైన ఒక చెంచా మంచి నూనె వేయాలి.

కొబ్బరిపాలకు ఒకటే నియమం: చివర్లో వేయాలి, కుతకుత ఉడకనివ్వకూడదు. ఎక్కువ మరిగితే నూనె విడిపోయి, విరిగినట్టు కనిపిస్తుంది. నిమ్మరసం వేయాలనుకుంటే పొయ్యి దించాకే.

పెరుగులా చల్లగా, పుల్లగా ఏదో ఒకటి పక్కన ఉండాలి అనిపించే రోజుల్లో అదే జీడిపప్పు ముద్దలో ఒక నిమ్మకాయ రసం, ఉప్పు, తురిమి పిండేసిన దోసకాయ, చిటికెడు వేయించిన జీలకర్ర పొడి కలుపుతాను. పెరుగు పచ్చడి అని చెప్పి మోసం చెయ్యను. దాని రుచి దానిది, వేడి కూర పక్కన బాగా కుదురుతుంది.

కారం విషయంలో మాత్రం పాలకు సరైన ప్రత్యామ్నాయం లేదు. మిరపలోని మంట పుట్టించే పదార్థాన్ని కేసీన్ పట్టుకుని నోట్లోంచి తీసుకుపోతుంది. గింజల ముద్దలోని కొవ్వు కొంతవరకే ఆ పని చేస్తుంది. పాలు మానేసిన ఇంట్లో కారం మూడో వంతు తగ్గించండి, మిరియం, అల్లం, ఇంగువ, వెల్లుల్లితో ఘాటు పెంచండి.

గోధుమ పని

గోధుమపిండి ముద్ద సాగుతుంది, గాలిని పట్టుకుంటుంది, చిరగదు. ఇది గ్లూటెన్ గొప్పతనం. వేరే పిండిని చల్లనీళ్లతో కలిపి, చపాతీలా ఒత్తబోయి, విరిగిపోతే తిట్టుకోవడం దండగ. జొన్నపిండికి, బియ్యప్పిండికి కావలసింది వేడి. మరుగుతున్న నీళ్లు తగిలితే వాటిలోని స్టార్చ్ నీరు పీల్చుకుని జిగురవుతుంది, ముద్దకు పట్టు వస్తుంది.

జొన్నరొట్టె నేను చేసే తీరు ఇది. ఒక కప్పు నీళ్లలో పావు చెంచా ఉప్పు వేసి తెర్లనిస్తాను. పొయ్యి ఆపి ఒక కప్పు జొన్నపిండి ఒకేసారి పోసి గరిటె కాడతో కలిపి మూత పెడతాను. పది నిమిషాల తర్వాత, చెయ్యి కాస్త చురుక్కుమంటుండగానే, తడి చేత్తో అయిదారు నిమిషాలు మదిస్తాను. ఇక్కడ బద్ధకించకూడదు. అంచులు పగలకుండా ఉండేది ఈ మదింపు వల్లనే. ముద్దను నొక్కితే పక్కల్లో పగుళ్లు వస్తున్నాయంటే ఇంకొంచెం వేడినీళ్లు చిలకరించాలి. చేత్తో తట్టడం రాకపోతే సిగ్గుపడాల్సిందేమీ లేదు. రెండు పాలిథిన్ కాగితాల మధ్య పెట్టి ఒత్తండి. బాగా కాగిన పెనం మీద వేసి, పైవైపు తడిగుడ్డతో ఒకసారి తుడిచి, తడి ఆరగానే తిప్పాలి. దించాక గుడ్డలో చుట్టి ఉంచితే మెత్తగా ఉంటుంది. పిండి పాతబడితే ఎంత మదించినా విరుగుతుంది, కొద్ది కొద్దిగా ఆడించుకోవడం మేలు. అయితే గోధుమ ఆడించిన మరలోనే వెంటనే మన జొన్నలు పోస్తే, సీలియాక్ ఉన్నవాళ్లకు ఆ పిండి పనికిరాదు. విడిగా ఆడేచోటు లేకపోతే ఇంట్లో మిక్సీలో పట్టి జల్లించుకోవాలి.

మెత్తటి బన్నులాంటిది కావాలంటే ఇసబ్‌గోల్ పొట్టు సాయం తీసుకోండి. 100 గ్రాముల పిండికి 5 గ్రాములు చాలు. ముందు ఆ పొట్టును నీళ్లలో కలిపి జెల్లీలా అయ్యాక పిండిలో కలపాలి. గ్లూటెన్ పనిని దాదాపుగా చేసిపెట్టేది ఇదొక్కటే అని నా అభిప్రాయం.

హడావుడి రోజుల్లో రొట్టె జోలికి పోను. ఏదో ఒక పప్పు రాత్రి నానబెట్టి, పొద్దున అల్లం, ఉప్పు వేసి రుబ్బి అట్లు పోసేస్తాను. పప్పే కనక ప్రోటీన్ కూడా దానితోనే వస్తుంది. రుబ్బిన పిండి గరిటె నుంచి ధారగా జారాలి, పెనం సమంగా కాగాలి. ఇంతకంటే చెప్పడానికేం లేదు.

పంచదార పని

కూరల్లో, పచ్చళ్లలో, సాస్‌లలో చిటికెడు చక్కెర వేసేది తీపి కోసం కాదు, పులుపును, చేదును అణచడానికి. ఆ పని చేసేవి ఇంకా చాలా ఉన్నాయి. టమాటా మరీ పుల్లగా ఉంటే చిటికెడు వంటసోడా వేయండి. నురగ వస్తుంది, ఆమ్లం తగ్గుతుంది. చిటికెడంటే చిటికెడే, ఎక్కువైతే సబ్బు వాసన. చేదుకు ఉప్పు విరుగుడు. కాకర, మెంతికూర లాంటివాటిలో ముందు ఉప్పు సరిచూసుకుని, అప్పటికీ చేదనిపిస్తే వేరే ఆలోచన చేయండి.

నాకు నిజంగా తీపి కావలసిన కూరలో ఉల్లిపాయే పంచదార. అరకిలో ఉల్లిపాయలు సన్నగా తరిగి, రెండు చెంచాల నూనె, కాస్త ఉప్పు వేసి, సన్నటి సెగ మీద నలభై నిమిషాలు వదిలేయాలి. అప్పుడప్పుడు కలిపి, అంటుకుంటే చెంచాడు నీళ్లు చిలకరిస్తే చాలు. గుమ్మడికాయ, క్యారెట్, కొబ్బరి కూడా ఇదే కోవలోవి. ఎర్రగా వేగనిస్తేనే వాటి తీపి బయటికి వస్తుంది, నీళ్లలో ఉడికిస్తే రాదు. కూరగాయ ముక్కలు పెనం నిండా కుక్కి వేయిస్తే ఆవిరిలో ఉడికిపోతాయి, రంగు పట్టవు. రెండు విడతలుగా వేయించండి.

ఒక పూట భోజనం, కొలతలతో

మా ఇంట్లో ఎక్కువగా చేసే శనగల కూర చెప్తాను, నలుగురికి.

250 గ్రాముల శనగలు రాత్రి నానబెట్టి, ఉప్పు వేసి కుక్కర్లో మెత్తగా ఉడికించాలి. గింజ వేళ్ల మధ్య నలిగిపోవాలి, పలుకుండకూడదు. పలుకున్న శనగ కడుపు ఉబ్బరం తెస్తుంది, ఆపైన నింద కూరకు వస్తుంది. పైన చెప్పినట్టు వేయించిన ఉల్లి సగం తీసుకుని అందులో అల్లంవెల్లుల్లి, ధనియాల పొడి, పసుపు, కొంచెం కారం వేసి పచ్చివాసన పోనివ్వాలి. తర్వాత 400 గ్రాముల టమాటాలు. ఇక్కడ ఆగాలి. టమాటా గుజ్జు దగ్గరపడి, నూనె అంచుల్లో తేలేదాకా కనీసం పావుగంట వేయించాలి. టమాటాలో ఉండే గ్లూటమేట్ వల్లనే కూరకు ఆ 'ఇంకొంచెం వడ్డించు' అనిపించే రుచి వస్తుంది. గుజ్జు దగ్గరపడే కొద్దీ అది చిక్కబడుతుంది. ఆ రుచికి కారణం గ్లూటమేట్ అని 1908లో కికునాయె ఇకెడా అనే జపాన్ శాస్త్రవేత్త కనిపెట్టాడు. ఎండు పుట్టగొడుగులు దొరికితే రెండు నానబెట్టి తరిగి, ఆ నీళ్లతో సహా వేయండి. రెండూ కలిస్తే ఆ రుచి ఒకదానికొకటి పెంచుకుంటుంది. మాంసం వేశారా అని అడిగినవాళ్లున్నారు.

ఇప్పుడు 300 గ్రాముల గుమ్మడి ముక్కలు, ఉడికిన శనగలు, వాటి నీళ్లు. గుమ్మడి మెత్తబడ్డాక జీడిపప్పు ముద్ద, రెండు గుప్పిళ్ల ఆకుకూర. రెండు ఉడుకులు రాగానే దించి, సగం నిమ్మకాయ పిండాలి. పులుపు చివర్లో వేస్తేనే కూర లేచి నిలబడుతుంది.

పైన చల్లడానికి గింజల పొడి ఉండాలి. పొట్టు తీయని నువ్వులు 100 గ్రాములు, వేరుశనగ గుళ్లు 100 గ్రాములు విడివిడిగా వేయించి, నాలుగు ఎండుమిర్చి, చెంచాడు జీలకర్ర, ఉప్పు కలిపి పలుకుగా పట్టుకోవాలి. విడివిడిగా అని ఎందుకన్నానంటే, వేరుశనగ వేగేలోపు నువ్వులు మాడి చేదెక్కుతాయి. మనిషికి రెండు చెంచాల పొడి. మెత్తటి కూరలో ఈ కరకర లేకపోతే ఎంత తిన్నా తిన్నట్టుండదు.

లెక్క చూడండి. శనగల నుంచి మనిషికి పన్నెండు గ్రాముల ప్రోటీన్, జీడిపప్పు నుంచి రెండు, పొడి నుంచి నాలుగైదు. దగ్గర దగ్గర పంతొమ్మిది. ఒక గుడ్డు పెడితే పాతిక. గుడ్డు తినని ఇంట్లో అయితే గట్టి టోఫు (సోయాపాలను గడ్డకట్టించి చేసేది) ముక్కలు వేయించి వేయండి. కడుపు నిండుగా ఉండటానికి పూటకు ఇరవై నుంచి ముప్పై గ్రాముల ప్రోటీన్, దానితో పీచు, కాస్త కొవ్వు కావాలి. అన్నం పెంచుకుంటూ పోతే కడుపు నిండుతుంది గానీ ఆ నిండుదనం నిలబడదు.

అత్తయ్య కంచం మాత్రం కొంచెం వేరుగా సర్దుతాను. సగం కూరగాయలు, పావు వంతు శనగలో గుడ్డో, పావు వంతు అన్నమో రొట్టెనో. ముందు కూర, తర్వాత అన్నం తినమంటాను. ఆ వరస మార్పుతోనే చాలామందికి తిన్న తర్వాత గ్లూకోజ్ పెరగడం తగ్గుతుంది. పంచదార లేనంత మాత్రాన తెల్లన్నం ఎంతైనా తినొచ్చు అనుకోవడం చాలా ఇళ్లలో చూస్తున్నాను. అన్నం కూడా చివరికి గ్లూకోజే అవుతుంది.

తీపి తినాలనిపిస్తే

చిలగడదుంప. పొట్టుతోనే ఓవెన్‌లో తక్కువ వేడి మీద, 150 డిగ్రీల దగ్గర, గంటన్నర ఉంచితే తేనెలా పాకం కారుతుంది. దుంపలో ఉండే ఒక ఎంజైమ్ సుమారు 60-75 డిగ్రీల మధ్య స్టార్చ్‌ను మాల్టోజ్ అనే చక్కెరగా మారుస్తుంది. నెమ్మదిగా వేడెక్కితే దానికి ఎక్కువ సమయం దొరుకుతుంది. పాపకు, మాకు ఇది పండగే. అత్తయ్యకు మాత్రం ఆ చక్కెర కూడా లెక్కే కాబట్టి, ఆవిడకు ఉడికించిన దుంప, అదీ చిన్న ముక్క. పైన కొబ్బరి తురుము, దాల్చినచెక్క, నువ్వులు.

ఖర్జూరం లడ్డూలు చక్కెర లేనివని చెప్పుకుంటారు. ఖర్జూరంలో మూడింట రెండు వంతుల దాకా చక్కెరే. పీచు ఉంది, ఖనిజాలు ఉన్నాయి, నిజమే. ఒక్కటి తిని లేవగలిగేవాళ్లు తినండి. తీపి మాత్రల విషయానికొస్తే నేను కొనను. బరువు తగ్గడానికి వాటిమీద ఆధారపడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. ఆ సలహా షుగర్ ఉన్నవాళ్లకోసం చెప్పింది కాదు. అసలు నాకు నచ్చనిది వేరే. నాలుకకు తీపి తగ్గించడం అలవాటు చేస్తే కొన్ని వారాల్లో క్యారెట్ కూడా తియ్యగా అనిపిస్తుంది. మాత్రలు వేసుకుంటే ఆ అలవాటు ఎప్పటికీ రాదు.

మర్చిపోకూడనివి

పాలు మానేస్తే కాల్షియం ఎక్కడినుంచి? పెద్దవాళ్లకు రోజుకు సుమారు 1000 మిల్లీగ్రాములు కావాలి. 100 గ్రాముల ఆవుపాలలో దాదాపు 120 ఉంటే, 100 గ్రాముల రాగుల్లో 350 దాకా, పొట్టు తీయని నువ్వుల్లో 900 పైనే. కాకపోతే గింజల్లోని కాల్షియం పూర్తిగా ఒంటపట్టదు. నానబెట్టడం, మొలకెత్తించడం కొంత సాయపడతాయి. పాలకూరను మాత్రం ఈ లెక్కలో వేసుకోకండి, అందులోని ఆక్సలేట్ కాల్షియాన్ని కట్టేస్తుంది. ముళ్లతో సహా తినే చిన్న చేపలు, కాల్షియంతో గడ్డకట్టించిన టోఫు మంచివి.

శాకాహారులు గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సింది విటమిన్ బి12. మాంసం, గుడ్డు తినని ఇంట్లో అది వచ్చే దారి పాలు ఒక్కటే. ఆ దారి మూసేస్తే ఏ ఆకూ, ఏ గింజా దాన్ని నమ్మకంగా ఇవ్వదు. డాక్టర్ని అడిగి మాత్ర వేసుకోవాలి. ఇందులో వంటింటి చిట్కా ఏమీ లేదు. పాల అలర్జీ ఉన్న చిన్నపిల్లలకు ఏం ఇవ్వాలో కూడా డాక్టరే చెప్పాలి. కొబ్బరిపాలు, బియ్యంపాలు పిల్లల ఎదుగుదలకు సరిపోవు.

సీలియాక్ ఉన్న ఇంట్లో జల్లెడ, చపాతీ పీట, కర్ర, చెక్క గరిటెలు వేరుగా ఉంచండి. చెక్క సందుల్లో చేరిన పిండి కడిగినా పోదు. మైదా వేసినవి వేయించిన నూనెలో అప్పడం వేయించినా అది గ్లూటెన్ ఉన్నట్టే. మందుబిళ్లల్లో కూడా లాక్టోజ్, గోధుమ స్టార్చ్ పూరకంగా వాడతారు కాబట్టి మందుల షాపులో అడగడం అలవాటు చేసుకోండి.

వారానికి ఒకసారి నేను చేసిపెట్టుకునేవి: కిలో ఉల్లిపాయల వేపుడు, ఉడికించిన శనగలు రెండు డబ్బాలు, జీడిపప్పు ముద్ద, గింజల పొడి. మొదటి మూడూ ఫ్రీజర్‌లోకి, పూటకు సరిపడా చిన్న డబ్బాల్లో. పొడి గాజు సీసాలో. ఆ నాలుగూ ఉంటే ఏ సాయంత్రమైనా అరగంటలో కూర అయిపోతుంది.

బయట తినాల్సి వస్తే "గ్లూటెన్ ఉందా?" అని అడిగితే చాలాచోట్ల తల అడ్డంగా ఊపుతారు, అర్థం కాకపోయినా. అలా అడగకండి. "ఇందులో మైదా గానీ, సోయా సాస్ గానీ వేశారా? చిక్కదనానికి ఏం కలిపారు? ఏ నూనెలో వేయించారు, అందులో ఇంకేం వేయించారు? చివర్లో నెయ్యో వెన్నో వేశారా?" అని ఒక్కొక్కటీ అడగండి. జవాబు తడబడితే తెల్లన్నం, ఉడికించిన గుడ్డు తీసుకుని, ఆయన జేబులోనో నా సంచిలోనో ఉండే గింజల పొడి చల్లుకుని తినేస్తాం.